నాలుగు వందల రెండు బస్తాలు

మిర్యాలగూడ రైసుమిల్లు, కాంటా రూము.
కీబోర్డు సందులల్ల ఊక,
కిటికీల నుంచి ఉడుకుతున్న వడ్ల వాసన.
నేను ఒక భాషకు కూడికలు నేర్పుతున్న.
దాని పేరు జావాస్క్రిప్టు.
పది రోజులల్ల తయారైందంటరు;
నెలలు నిండక పుట్టిన పిల్లనైనట్టు
ఇంటిల్లిపాదీ దాని మొండితనాన్ని భరిస్తరు.

సైదమ్మ ట్రాక్టరొచ్చింది.
ట్రక్కుల నలభై బస్తాలు, ఇంజను పక్కన రెండు.
కూడుమన్న.
అది నలభైని నిలబెట్టి, రెండును దాని తోకకు కట్టి
నాలుగు వందల రెండు, అన్నది.
సిగ్గు లేదు, ఎర్ర గీత లేదు, ఒక్క తప్పూ చూపలేదు.

గుమాస్త జానయ్య కండ్లద్దాలు నొసటి మీదికి నెట్టిండు.
"కూడుమంటే అతుకుతదా బిడ్డా ఇది?"
అంకెకు రెండు దిక్కుల కామాలు తగిలితే
అక్షరమనుకుంటది తాతా, అన్న.
"మరి తీసెయ్యుమంటే?"
తీసివేత మాత్రం సరిగ్గనే చేస్తది.
"ఓహో, సేటు తీరే!
కలుపుడు రాదు గని కోసుడు బాగొస్తది."

తేమ మిషను వైరు ఊడిన రోజు
శాతమెంతని అడిగితే "సంఖ్య కాదు" అన్నది.
మరి నువ్వే జాతి? "సంఖ్య జాతి."
పోనీ, నీకు నువ్వు సమానమేనా?
"కాదు."
రాత్రి పన్నెండింటికి ఈ జవాబు విని
ఇంటికి పోయి అద్దం చూసుకోబుద్ధి కాలేదు నాకు.

లేదు అనేటిది దీంట్ల రెండు తీర్లు.
ఎవరూ ఏమీ చెప్పకపోతే ఒక లేదు,
లేదని పనిగట్టుకొని చెప్తే ఇంకో లేదు.
ఇంజనీరింగుల మా క్లాసంతా తలలు పట్టుకున్న సంగతి
జానయ్యకు బీడీ ఆరేలోపల ఎక్కింది:
"గన్నీ సంచులు ఇంకా రాలే, అనుడు ఒకటి.
సంచులు లెవ్వు పో, అనుడు ఒకటి.
గంతే గద?"

నెలలను సున్న నుంచి లెక్కవెడ్తదని మర్సిన.
నవంబరు వడ్లకు అక్టోబరు బిల్లులు పడ్డయి, మూడు వందల పైన.
కాళ్ళు వణుకుకుంట సేటుకు చెప్పిన.
ఆయన బిల్లును ఎగాదిగా చూసి
"గట్లనే ఉండనియ్" అన్నడు.
ఎందుకని నేనడుగలేదు.

ఒకనాడు సైదమ్మ నా తెర దిక్కు వేలు చూపి
గిదేందమ్మా తిరుగుతనే ఉన్నది, అన్నది.
ప్రామిసు అంటరు పెద్దమ్మా.
ఇస్తనంటది, ఇయ్యదు,
ఇయ్యనని కూడ అనదు. మనం ఆగాలె.
"గది నాకెర్కనే" అన్నది ఆమె కొంగు బిగిస్తూ,
"పోయిన యాసంగి నుంచి నా దగ్గరొకటున్నది."

ఆఖరికి, చిన్న మూటలు రెండు మిగిలినయి.
పాయింటొకటి క్వింటాలు, పాయింటు రెండు.
ఇంత చిన్న కూడికకు కూడ నమ్మకం లేక
ఊపిరి బిగవట్టిన.
సున్న పాయింటు మూడు,
దాని ఎనుక పదిహేను సున్నలు,
అన్నిటి కొసకు ఒక నాలుగు,
తప్పిపోయిన పిల్లగాని లెక్క.

"ఆ నాలుగు ఎవలిది?" సైదమ్మ అడిగింది.
ఒక్క గింజ కాదది, గింజ మీది దుమ్ముల దుమ్ము.
గుండ్రం చెయ్యనీకి ఒక్క లైను సాలు.
వేళ్ళు కీల మీద పెట్టిన కూడ.
జానయ్య నా మణికట్టు పట్టుకున్నడు.
"ఉండు బిడ్డా.
ముప్పై ఒక్క ఏండ్ల నుంచి ఈ కాంటా మీద
తేమకింత, తాలుకింత, మట్టికింత,
తరుగు తీసుడే రాసిన.
రైతుకు ఎక్కువేసిన మిషను ఇదే మొదలు."

ఎర్ర ఖాతాబుక్కు తెరిసి ఎక్కించవట్టిండు.
సున్నలు ఒక్కొక్కటి చుట్టుకుంట, నోట్ల లెక్కవెట్టుకుంట.
గడి నిండింది, గీత దాటింది,
కొస నాలుగు పక్క గడిల పోయి కూసున్నది.
ఆ గడి మీద రాసుంది: సేటు బాకీ.

ఆయన కొట్టెయ్యలేదు.
నేను ఆ లైను ఇంకా రాయలేదు.